మరుపు టీచరు నీలం డబ్బాలు

మా మేనత్తకు మతిమరుపు. ఇది ఎగతాళికి అంటున్న మాట కాదు, బడి మొత్తానికి తెలిసిన సంగతి. మధ్యాహ్నం అయ్యేసరికి కొందరికి తలనొప్పి వస్తుంది, కొందరికి నిద్ర వస్తుంది. ఆవిడకు మతిమరుపు వచ్చేది. భోజనాల గంటకు కాస్త ముందు మొదలై, పిల్లలు చేతులు కడుక్కుని తరగతులకు వెళ్ళగానే తగ్గిపోయేది. ఆ మధ్యలో ఎవరి డబ్బా ఎవరి ముందు పెడుతోందో ఆవిడకే తెలియదని మేమంతా అనుకునేవాళ్ళం.

ఆవిడ ఆ ఎలిమెంటరీ స్కూల్లో రెండో తరగతి టీచరు. నేను అదే స్కూల్లో మూడో తరగతి టీచర్ని. ఆవిడ చేతిలో తయారైన పిల్లలు మరుసటి ఏడు నా దగ్గరికి వచ్చి ఎక్కాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాళ్ళు. అంత మతిమరుపు మనిషి దగ్గర చదివిన పిల్లలకు అంత జ్ఞాపకం ఎక్కడిదని నేను ఒక్కసారైనా ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు. పిల్లలు చాటుగా ఆవిడను మరుపు టీచరు అనేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. కనీసం ఆ పేరైనా గుర్తుపెట్టుకున్నారు, సంతోషం అనేది.

ముందు డబ్బాల కథ చెప్పాలి. మా హెడ్మాస్టరుకు ఆరోగ్యం అంటే మహా పట్టుదల. తన పొట్ట తన మాట వినకపోయినా పిల్లల పొట్టలు వింటాయని ఆయన నమ్మకం. భోజనాల గది గోడ మీద పెద్ద పళ్ళెం బొమ్మ వేయించి, అందులో ఐదు రంగులు పూయించాడు. పిల్లలందరి డబ్బాల్లోనూ ఐదు రంగుల ఆహారం ఉండాలని ఇళ్ళకు కబురు పెట్టాడు. మర్నాడు ఒక తండ్రి ఐదు రంగుల చాక్లెట్ బిళ్ళలు పంపించాడు. పిలిపించి అడిగితే, మీరు అడిగింది రంగులే కదండీ అన్నాడు.

చిప్స్, బిస్కెట్లు క్లాసులోనే బల్ల కింద మాయమవుతున్నాయని ఇంకో ఏర్పాటు కూడా చేశాడు హెడ్మాస్టరు. పొద్దున రాగానే డబ్బాలన్నీ భోజనాల గదిలో అరల మీద పెట్టెయ్యాలి. ఒకరి డబ్బా చూసి ఇంకొకరు చిన్నబుచ్చుకోకూడదని అందరికీ ఒకే రకం నీలం డబ్బాలు కొనిపించాడు, టీచర్లతో సహా. మూత మీద పేరు చీటీ ఉంటుంది. గంట కొట్టగానే చీటీ చూసి ఎవరిది వాళ్ళకు అందించాలి. ఇందులో తెలివితేటలు అవసరమయ్యే చోటు ఎక్కడా లేదని ఆయన గట్టిగా చెప్పాడు.

ఆ పని మా అత్త అడిగి మరీ తీసుకుంది. మిగతా టీచర్లకు ఆ గంటసేపు కాస్త నడుం వాల్చే వీలు దొరికింది కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. పొద్దున్నే గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని, ప్రతి డబ్బా మూత తీసి, లోపల ఏదైనా పాడైందేమో చూసి, తడిగుడ్డతో తుడిచి పెట్టేది. శుభ్రం విషయంలో ఆవిడకు వంక పెట్టడానికి లేదు. కాకపోతే ఆ తుడవడంలో చీటీలు ఊడి వచ్చేవి. ఊడిన చీటీలన్నీ మళ్ళీ జాగ్రత్తగా అంటించేది, దొరికిన మూతకల్లా.

హెడ్మాస్టరు ఊరుకునే మనిషి కాదు. చీటీల బదులు మూతల మీద రంగుతో పేర్లు రాయించాడు. అత్త కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చింది. కళ్ళజోడుకు తాడు కట్టించి మెడలో వేయించాడు. మర్నాడు ఆవిడ మెడలో మామయ్య కళ్ళజోడు వేలాడుతోంది. చివరికి మూతల మీద పిల్లల ఫొటోలు అంటించాడు. ఈ కాలం పిల్లలంతా ఒకేలా ఉన్నారండీ అంది అత్త. ఆ రోజు నుంచి హెడ్మాస్టరు ప్రయోగాలు మానేశాడు. తమాషా ఏమిటంటే, ఇన్ని మార్పులు జరిగినా తప్పులు పెరగనూ లేదు, తగ్గనూ లేదు. రోజూ ఓ పది డబ్బాలు తారుమారయ్యేవి, అంతే.

డబ్బా మారిన పిల్లాడు లేచి నిలబడేవాడు.

"టీచర్, ఇది నాది కాదు."

"మరి ఎవరిది?"

"తెలీదు."

"నాకూ తెలీదు. నువ్వు తింటూ ఉండు, ఈలోపల గుర్తొస్తే చెప్తాను."

గుర్తొచ్చిన దాఖలా లేదు. విచిత్రంగా పిల్లలకు ఈ పద్ధతి బాగా పట్టింది. ఇంట్లో తల్లి బతిమాలి, బెదిరించి, వెంటపడి పెట్టినా పాలకూరకు నోరు తెరవని వాడు, ఎవరిదో తెలియని డబ్బాలో అదే పాలకూర కనిపిస్తే అడుగు దాకా నాకేసేవాడు. పరాయి సొత్తు కదా, ఆలస్యం చేస్తే వెనక్కి ఇవ్వమంటారని వాడి భయం. ఆ ఏడు హెడ్మాస్టరు పై అధికారులకు, మా బడిలో ఐదు రంగుల పథకం దిగ్విజయంగా నడుస్తోందని చెప్పుకున్నాడు.

ఈ మతిమరుపు వల్ల నిజంగా నష్టపోయిన వాడు ఎవడైనా ఉంటే అది నేను. మా అమ్మ వంట బాగా చేస్తుంది. ఆ వంట నీలం డబ్బాలో పెట్టి పంపిస్తుంది. అది నా ముందుకు వచ్చిన రోజు లేదు. నాకు ఎప్పుడూ ఒకే ఇంటి డబ్బా వచ్చేది. అందులో ఉప్పు లేదు, కారం లేదు, నూనె లేదు. సొరకాయ ముక్కలు ఉడికించి, వాటికి ఒంటరిగా అనిపించకుండా పక్కన క్యారెట్ ముక్కలు ఉడికించి పెట్టేవాళ్ళు.

"అత్తా, రోజూ ఈ డబ్బా నాకే ఎందుకు వస్తోంది?" అని అడిగాను ఒకసారి.

"నీ మొహం చూస్తే అదే గుర్తొస్తోందిరా," అంది.

దానికి తోడు ఇంట్లో ఇంకో కష్టం. నాకు పల్లీలంటే ప్రాణం. వేయించిన పల్లీలు గుప్పెడు జేబులో లేకపోతే నాకు పుస్తకం మీద దృష్టి నిలవదు. అలాంటిది, మీ వాడికి పల్లీలు పడటం లేదు వదినా, మొటిమలు వస్తున్నాయి అని అత్త ఒకరోజు మా అమ్మతో చెప్పింది. నాకు మొటిమలు వచ్చే వయసు దాటి చాలా కాలమైంది. కానీ ఆడపడుచు నోట ఒక మాట పడితే మా అమ్మకు అది రాసిచ్చినట్టే. ఆ రోజు నుంచి మా గుమ్మంలోకి పల్లీ గింజ రాలేదు.

మామయ్య బాధ ఇంకో రకం. ఆయన రిటైరయ్యాక వంటిల్లు తన చేతిలోకి తీసుకున్నాడు. ఆఫీసులో ఫైళ్ళు సర్దిన చేత్తోనే చిక్కుళ్ళు ఒకే పొడవుకు తరిగి అత్త డబ్బాలో పేర్చేవాడు. సాయంత్రం అత్త చెప్పులు విప్పకముందే అడిగేవాడు.

"ఇవాళ కూర ఎలా ఉంది?"

"అమోఘం. ఉప్పు సరిగ్గా సరిపోయింది."

ప్రతి రోజూ ఇదే మాట. ఒకరోజు మామయ్య, ఇవాళ నేను ఉప్పు వెయ్యడం మర్చిపోయాను, గిన్నెలో మిగిలింది తింటే తెలిసింది అన్నాడు. అత్త తడుముకోలేదు. అయ్యో, నాది మీకు కూడా అంటుకుందా అని పరామర్శించింది. తన పెళ్ళిలో ఎవరు ఏం తప్పు మాట్లాడారో, పక్కింటి వాళ్ళు ఏ గరిట ఎప్పుడు పట్టుకెళ్ళారో తేదీలతో చెప్పగల మనిషి ఆవిడ. మధ్యాహ్నం తిన్న కూర మాత్రం గుర్తుండదు. ఇంట్లో వాడీ వాడీ బుర్ర అరిగిపోయి బడికి చేరేసరికి ఏమీ మిగలడం లేదని మామయ్య తేల్చాడు.

ఇంతకీ ఆవిడ తినే తీరు కూడా చిత్రంగా ఉండేది. చివరి బల్ల దగ్గర, కిటికీ వైపు తిరిగి కూర్చునేది. డబ్బా మూత పూర్తిగా తీయకుండా తలుపులాగా నిలబెట్టి, దాని వెనక చెంచా ఆడిస్తూ, చాలాసేపు నమిలేది. లోపల ఏముందో ఎవరికీ కనిపించేది కాదు. మరుపు టీచరు చాక్లెట్లు తింటోందని ఒకటో తరగతి వాళ్ళ అభిప్రాయం. చిప్స్ అని రెండో తరగతి వాళ్ళు వాదించేవాళ్ళు. హెడ్మాస్టరుకు కూడా అనుమానం వచ్చి, ఐదు రంగులు ఉన్నాయో లేదో చూసే మిషతో ఒకసారి తొంగి చూడబోయాడు. అత్త టప్పున మూత మూసేసింది.

"మీ కళ్ళు పడితే నాకు అరగదండీ," అంది. ఆయన పళ్ళెం బొమ్మ చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇలా హాయిగా సాగిపోతుండగా మందుల షాపావిడ వచ్చింది. ఆవిడ కొడుకు అత్త క్లాసులోనే చదువుతున్నాడు. వాడికి పల్లీలు పడవు. ఒక్క గింజ నోట్లో పడితే గొంతు వాచి ఊపిరి ఆడదు. అందుకని వాడికి బడిలో పల్లీల బాబు అని పేరు వచ్చింది. జీవితంలో పల్లీ తినకూడని వాడికి ఆ పేరు పెట్టడం పిల్లలకే చెల్లుతుంది. ఆ రోజు వాడు మంచినీళ్ళ సీసా ఇంట్లో వదిలి వస్తే, ఇద్దామని తల్లి భోజనాల వేళకు వచ్చింది. కొడుకు ముందున్న డబ్బాలో తను ఎన్నడూ వండని కూర కనిపించింది.

ఇది ఎవరిది నాన్నా అని అడిగింది. తెలీదమ్మా, మరుపు టీచరు ఇచ్చింది, రోజూ ఇస్తుంది అన్నాడు వాడు నోటి నిండా పెట్టుకుని. ఆవిడ ఆ డబ్బా మూత మూసేసింది. తిన్నగా హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళింది. ఆవిడ అరవలేదు. మందు ఎలా వాడాలో చెప్పినంత నిదానంగా, ఆ టీచరును డబ్బాల దగ్గర నుంచి తప్పించకపోతే విషయం పైదాకా తీసుకెళ్తానని చెప్పింది. ఆవిడ భయం అబద్ధమని ఎవరం అనలేం.

హెడ్మాస్టరు శుక్రవారం సాయంత్రం తల్లిదండ్రుల మీటింగు పెట్టాడు. ఈలోగా డబ్బాలు పంచే పని నాకు అప్పగించాడు. వచ్చే వారం నుంచి అసలు పంచే పనే ఉండదని కూడా ప్రకటించాడు. ఎవరి డబ్బా వాళ్ళ బల్ల మీదే ఉంటుంది. గంట కొట్టగానే అందరూ ఒకేసారి మూతలు తీస్తారు. ఆయన స్వయంగా వరుసల మధ్య తిరిగి రంగులు లెక్క చూస్తాడు.

"అందరి ముందూ మూతలు తీయిస్తారా?" అని అడిగింది అత్త.

"అందరి ముందే. పారదర్శకంగా ఉంటుంది."

 బయటికి వచ్చాక అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఒరేయ్, ఎలాగైనా ఆ పని నాకే ఉంచమని చెప్పరా," అంది. ఆవిడ నన్ను బతిమాలగా చూడటం అదే మొదటిసారి. ఆ గంటసేపు కాస్త విశ్రాంతి దొరుకుతుంది కదా, ఈవిడకు ఈ పంతం ఏమిటని అనుకున్నాను.

గురువారం డబ్బాలు నేను పంచాను. కొత్తగా అధికారం వచ్చిన వాడి హుషారు నాది. ఒక్కొక్క మూత చదివి, పేరు పిలిచి, మనిషిని చూసి మరీ ఇచ్చాను. ఒక్క తప్పు లేదు. నా డబ్బా నాకే వచ్చింది. చాలా కాలానికి మా అమ్మ చేతి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ, గది ఒకసారి కలయజూశాను.

పిచ్చుక తినడం లేదు. పిచ్చుక అంటే అత్త క్లాసులోని ఒక సన్నటి పిల్ల. ఎప్పుడూ కిచకిచమని మాట్లాడుతుంది కాబట్టి ఆ పేరు. ఆ రోజు రెండు చేతులూ మూత మీద పెట్టుకుని నోరెత్తకుండా కూర్చుంది.

"ఏమ్మా, తినడం లేదు?"

"ఆకలి లేదు సార్."

మూత బిగుసుకుపోయిందేమో, ఇలా ఇవ్వు అని డబ్బా అందుకున్నాను. లోపల ఏదో గలగలమంది. పిల్ల నా చేతి వైపు చూస్తోంది. బల్ల చుట్టూ ఉన్న పిల్లలంతా మెడలు చాచారు. నేను మూత అంచుకు బొటనవేలు ఆనించాను.

చివరి బల్ల దగ్గర నుంచి అత్త వచ్చింది. ఆవిడ అంత వేగంగా నడవగలదని నాకు అంతవరకూ తెలియదు.

"ఆగరా. అది నా డబ్బా."

"మూత మీద ఈ పిల్ల పేరే ఉంది కదత్తా."

"పేరు తప్పు. నా చెంచా చప్పుడు నాకు తెలియదా?"

నా చేతిలోది లాక్కుని, తన చేతిలో ఉన్న డబ్బా పిచ్చుక ముందు పెట్టి, చక్కా వెళ్ళిపోయింది. పొద్దుటి నుంచీ ఒక్క తప్పు చేయని వాడిని కదా, నాకు రోషం వచ్చింది. తేల్చుకుందామని వెనకాలే వెళ్ళాను. ఆవిడ కూర్చుని, కిటికీ వైపు తిరిగి, మూత తలుపులాగా నిలబెట్టింది. నేను ఆవిడ భుజం మీదుగా చూశాను.

డబ్బాలో ఒక చెంచా ఉంది. ఇంకేమీ లేదు. శుభ్రంగా కడిగి తుడిచిన డబ్బా, ఒక చెంచా. అత్త ఆ చెంచా తీసి, డబ్బా అడుగున ఆడించి, నోటి దాకా తీసుకెళ్ళి, నమలడం మొదలుపెట్టింది.

"ఏం చూస్తావు? నీ కళ్ళు పడితే అరగదు నాకు," అంది.

 వెళ్ళి నా చోట కూర్చున్నాను. మా అమ్మ వంట ఆ రోజు ఎలా ఉందో నాకు గుర్తులేదు.

బడి వదిలాక వరండాలో పట్టుకున్నాను ఆవిడను. కాసేపు గొడుగు ఎక్కడో పెట్టానంటూ వెతికింది. ఆ రోజు ఆవిడ గొడుగు తేలేదు. తప్పించుకునే దారి లేదని తెలిశాక చెప్పింది. పిచ్చుకకు తల్లి లేదు. తండ్రి లాండ్రీలో ఇస్త్రీ చేస్తాడు. కొన్నాళ్ళు రొట్టె ముక్కలు పెడతాడు, కొన్నాళ్ళు అదీ కుదరదు. కానీ అందరి పిల్లల చేతుల్లోనూ డబ్బా ఉంటుంది కాబట్టి డబ్బా మాత్రం రోజూ పంపిస్తాడు. దారిలో గలగలమనాలని అందులో చెంచా వేస్తాడు.

"మరి ఆ ఒక్క డబ్బా మారిస్తే చాలదా అత్తా? అంతమందివి కలిపెయ్యడం ఎందుకు?"

"ఒక్కటి మారిస్తే రెండో రోజుకే అందరికీ తెలిసిపోతుంది. పది మారిస్తే మతిమరుపు అంటారు."

"హెడ్మాస్టరుతో చెప్తే ఆయనే ఏదో ఏర్పాటు చేసేవాడు."

"చేస్తాడు. గోడకు ఇంకో బొమ్మ వేయించి మరీ చేస్తాడు. అప్పుడు అది ఆ పిల్ల పేరవుతుందిరా. ఇప్పుడైతే మరుపు అన్నది నా పేరు. నాకు బానే ఉంది."

పల్లీల బాబు సంగతి అడిగాను. వాడి తల్లి భయంలో న్యాయం ఉంది కదా అన్నాను. వాడికేం కాదులే, వాడి డబ్బా నీకు, నీది వాడికి వెళ్తోంది, అది నేను చూసుకున్నాను అంది. మీటింగులో నోరు విప్పనని నా చేత మాట తీసుకుని, లేని గొడుగు కోసం వెతుక్కుంటూ వెళ్ళిపోయింది.

నేను మామయ్య దగ్గరికి పరిగెత్తాను. ఆయన చిక్కుళ్ళు తరుగుతున్నాడు. విషయం చెబితే కత్తి ఆపలేదు.

"ఉప్పు మర్చిపోయిన రోజే తెలిసింది నాకు. ఆ డబ్బా తినేది ఎవరో చిన్న పిల్లో పిల్లాడో అనుకుని అప్పటి నుంచి కారం తగ్గించాను. ముక్కలు కూడా చిన్నగా తరుగుతున్నాను, చూడు."

"మరి ఆవిడకు ఇంకో డబ్బా కట్టి ఇవ్వొచ్చుగా?"

"ఇస్తే నాకు తెలిసిపోయిందని తనకు తెలిసిపోదూ?" అన్నాడు. అందుకే సాయంత్రం అత్త వచ్చేసరికి పొయ్యి మీద వేడివేడిగా ఏదో ఒకటి సిద్ధంగా ఉంచుతాడట. కూర ఎలా ఉందని రోజూ ఎందుకు అడుగుతున్నావంటే, ఆవిడ అబద్ధం చెప్పేటప్పుడు మొహం చూడటానికి బాగుంటుంది అన్నాడు.

శుక్రవారం మీటింగుకు గది నిండిపోయింది. తల్లిదండ్రులంతా పిల్లల బెంచీల్లో మోకాళ్ళు గడ్డాలకు తగిలేలా కూర్చున్నారు. వెనక వరుసలో, మడత నలగని చొక్కాతో లాండ్రీ ఆయన కూర్చున్నాడు. మందుల షాపావిడ లేచి, ఒక్క గింజ పొరపాటున వెళ్తే తన బిడ్డకు ఏమవుతుందో చెప్పింది.  అత్త లేచి నిలబడింది.

"మీరన్నది నిజమేనమ్మా. నాకు మరుపు. నన్ను తీసెయ్యండి. కాకపోతే అందరి ముందూ మూతలు తీయించే పద్ధతి మాత్రం వద్దు."

ఎందుకు వద్దని హెడ్మాస్టరు అడిగాడు. చెప్పదగ్గ కారణమే అయితే అత్త ఎప్పుడో చెప్పేది. మూతల పద్ధతి సోమవారం నుంచే అమలని ఆయన చెబుతుంటే వెనక వరుసలో లాండ్రీ ఆయన తల దించుకుని తన చొక్కా అంచు సర్దుకోవడం చూశాను. ఇక కూర్చోవడం నా వల్ల కాలేదు. మాట ఇచ్చింది పిచ్చుక గురించే కదా అని సర్దిచెప్పుకుని లేచాను.

"అమ్మా, మీ అబ్బాయి ఆ రోజు తిన్న డబ్బా నాది," అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగింది. చీటీ లేకుండా మందు అడిగే వాడిని చూసినట్టు చూసింది.

"మీ ఇంట్లో పల్లీలు వాడతారా?"

"వాడం."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మీ వాడు ఈ బడిలో చేరిన..." అని ఆగిపోయాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే నాకూ అప్పుడే వినిపించింది.

"ఎందుకు మానేశారు?"

"మా అత్త మానిపించింది. నాకు మొటిమలు వస్తున్నాయని."

ఆవిడ నా మొహాన్ని పరీక్షగా చూసింది. అక్కడ ఒక్క మొటిమ కూడా లేదు. తర్వాత అత్త వైపు చూసింది. అత్త ముక్కు మీదున్న కళ్ళజోడు కోసం సంచీలో వెతుక్కుంటోంది.

"మిగతా రోజుల్లో వాడికి ఎవరి డబ్బా వెళ్తుంది?"

"రోజూ నాదేనమ్మా. మీ సొరకాయ రోజూ నేను తింటున్నాను."

"ఎలా ఉంటుంది?" అంది కాస్త మెత్తగా.

"ఆరోగ్యంగా ఉంటుంది."

 ఆవిడ రోజంతా కొలిచి, చూసి, మళ్ళీ చూసి మందులిచ్చే మనిషి. పొరపాటు ఎలా ఉంటుందో ఆవిడకు బాగా తెలుసు. ఇన్నాళ్ళు ఒకే పిల్లాడికి, ఒకే ఇంటి నుంచి, ముందుగా ఆ ఇంట్లో పల్లీలు మానిపించి మరీ జరిగేది పొరపాటు కాదు. ఇంత జాగ్రత్తగా మర్చిపోయే మనిషి ఎందుకు మర్చిపోతోందన్నది కూడా ఆవిడకు తట్టి ఉండాలి. ఎందుకంటే గది అంతా ఒకసారి చూడబోయి, సగంలోనే ఆపేసి, తన చేతుల వైపు చూసుకుంది.

"నా ఫిర్యాదు మూతల గురించి," అంది చివరికి. "చాలా బిగుతుగా ఉంటున్నాయి. పిల్లలకు తీయడం కష్టంగా ఉంది. టీచరుగారే ఎప్పటిలాగా చూసి, వదులు చేసి అందిస్తే బాగుంటుంది."

హెడ్మాస్టరు అయోమయంలో పడ్డాడు. "మరి పల్లీల విషయం?"

"ఏ పల్లీలు?" అంది ఆవిడ. "మర్చిపోయాను."

గదిలో ఎవరికి ఎంత అర్థమైందో నాకు తెలియదు. ఐదు రంగుల చాక్లెట్లు పంపిన తండ్రి మాత్రం లేచి, తను కూడా మూతల గురించి మాట్లాడదామనే వచ్చానన్నాడు. ఇంకో ఇద్దరు తామెందుకు వచ్చారో గుర్తురావడం లేదన్నారు. ఇది అంటురోగంలా ఉందని హెడ్మాస్టరు బెదిరిపోయి, టీ తెప్పించి, మీటింగు ముగించాడు. లాండ్రీ ఆయన వెళ్తూ వెళ్తూ అత్త ముందు ఆగాడు.  చేతులు జోడించబోతే అత్త తన సంచీ ఆయన చేతిలో పెట్టి, కాస్త పట్టుకోండి, నా గొడుగు కనిపించడం లేదు అంది.

సోమవారం నుంచి మళ్ళీ అత్తే డబ్బాలు పంచింది. మందుల షాపు డబ్బా బాగా బరువెక్కింది. మూత పట్టనంత నింపి పంపుతోంది ఆవిడ, అందులో ఉప్పు కూడా వేస్తోందని విన్నాను. విన్నాను అనడం ఎందుకంటే, ఆ డబ్బా ఇప్పుడు నాకు రావడం లేదు. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన ఇద్దరు అన్నదమ్ములకు వెళ్తోంది. వాళ్ళ సంగతి నేను అత్తను అడగలేదు. పల్లీల బాబుకు మాత్రం మా అమ్మ వంటే. మా ఇంట్లో పల్లీలు ఇంకా నిషేధమే.

మీటింగు కబురు ఇంటి దాకా వచ్చేసింది, ఇక దాచాల్సిందేమీ లేదు కాబట్టి మామయ్య ధైర్యంగా రెండు డబ్బాలు కట్టాడు. ఒకటి నువ్వు మర్చిపోవడానికి, ఒకటి నువ్వు తినడానికి అని రెండూ అత్త చేతికిచ్చాడు. సాయంత్రం ఆవిడ వచ్చేసరికి నేనూ అక్కడే ఉన్నాను.

"ఇవాళ కూర ఎలా ఉంది?"

"అమోఘం. ఉప్పు సరిగ్గా సరిపోయింది," అంది అత్త చెప్పులు విప్పుతూ.

"నీ డబ్బాలో ఇవాళ కావాలనే ఉప్పు వెయ్యలేదు," అన్నాడు మామయ్య.

అత్త కళ్ళజోడు కోసం వెతకడం మొదలుపెట్టింది. మామయ్య నా వైపు చూశాడు. ఆ ఉప్పు లేని కూర మధ్యాహ్నం నా ముందుకే వచ్చిందని ఆయనకు చెప్పాల్సిన అవసరం లేకపోయింది, నా మొహంలోనే కనిపించి ఉంటుంది.  ఆయన స్టూలు లాక్కుని ఎక్కి, పై అరలో మూడో డబ్బా కోసం వెతకసాగాడు.